కాగితం కింది మాట

ఆ చలికాలం మూడు నెలలు మా ఇంట్లో తెలుగు మాట వినపడలేదు. వినపడకూడదని రూలు పెట్టింది నేనే.

కారణం చూస్తే చిన్నదే. మా గువ్వ అప్పుడు రెండో తరగతి. క్లాసులో నోరు విప్పడం లేదని టీచరు నన్ను పిలిపించింది. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ తప్పుపట్టలేదు, "ఓహో" అని మాత్రం అంది. ఆ ఓహో నా గుండెలో ముల్లులా దిగింది. గోడలకి రంగుకాగితాలు అంటించే పని నాది. పదేళ్లుగా ఈ దేశంలోవాళ్ల ఇళ్లల్లోకి వెళ్లి, వాళ్లూ, మా మేస్త్రీ నేల మీద నిలబడి నవ్వుతూ మాట్లాడుకుంటుంటే, నిచ్చెన మీద నోరు మూసుకుని జిగురు పూసినవాణ్ణి. నా కూతురు కూడా ఆ నిచ్చెన ఎక్కకూడదనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పాను. "రేపట్నుంచి ఇంట్లో ఇక్కడి మాటే. మన మాట బంద్."

మా ఆవిడ గిన్నెలు తోముతోంది. చెయ్యి ఆగింది. "నాకు ఆ భాషలో పాలు, బస్సు, వద్దు, థాంక్యూ వరకే వచ్చు కదండీ?"

"వాడుతూ ఉంటే అదే వస్తుంది. ఈత రావాలంటే నీళ్లల్లో దిగాలి."

"దిగడం వేరు, తోసెయ్యడం వేరు" అంది.

అంతే. మర్నాటి నుంచి ఆవిడ నోరు మూతపడింది. అంతకుముందు ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. వీధి చివర బస్సు దిగిన దగ్గర్నుంచి వంటింట్లో పొంగిన పాల దాకా అన్నీ చెప్పాల్సిందే. కాస్త ఊపిరి తీసుకోమని నేనే వేళాకోళం చేసేవాణ్ణి. మూడేళ్ల కిందట నా దగ్గరికి వచ్చినప్పుడు విమానంలో పక్క సీటావిడకి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మా పెళ్లి సంగతంతా చెప్పి వచ్చిన మనిషి. అలాంటిది రూలు పెట్టాక పాలు, బస్సు, వద్దు, థాంక్యూ. రోజుకి ఆ నాలుగే. కోపంతో చేస్తోందనుకున్నాను. కోపమైతే నాలుగు రోజుల్లో దిగుతుందిలే అనుకున్నాను.

గువ్వ మాత్రం ఇంట్లో ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉండేది. మేం కొత్త వాటాలోకి మారగానే ఒక పాట పట్టుకుంది. "ఊనానూ ఊనానూ గోదా, ఊనానూ" అంటూ తాడాట ఆడేది. బళ్లో నేర్పిన పాట కాబోలని సంతోషించాను. చూశావా, రూలు పనిచేస్తోందని మనసులో అనుకున్నాను కూడా.

మేం ఆ వాటాలోకి మారింది కూడా రూలు పెట్టిన నెలలోనే. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది, పై వాటా మాది. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. కళ్ల బదులు చెవులతో బతికేది. మెట్ల మీద అడుగు పడితే చాలు, ఎవరు, ఏ బూట్లు, చేతిలో బరువుందా లేదా చెప్పేసేది. ఇల్లు ఇస్తూ ఒక్క షరతు పెట్టింది. "వెనక గదిలో గోడ కాగితం చెమ్మకి ఉబ్బిపోయింది. నీ పనే కదా, నువ్వే మార్చుకో."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పని మొదలుపెట్టాను. ఆవిరి పట్టించే యంత్రం తెచ్చుకున్నాను. వేడి ఆవిరి తగిలితే పాత జిగురు కరిగి గంజి వాసన వేస్తుంది, అప్పుడు రేకుతో గీకితే కాగితం తొక్కలా ఊడొస్తుంది. పైన గులాబీలు. వాటి కింద చారలు. చారల కింద ఆకుపచ్చ ఆకులు. ఒక్కో పొర ఒక్కో సంసారం. నా పనిలో నాకు నచ్చేది అదే, ఎవరి ఇష్టం ఏమిటో చేతికి తెలుస్తుంది. ఆకుల కింద ఇంక సున్నపు గోడే ఉండాలి. ఉంది. దాని మీద పెన్సిల్‌తో రాసి ఉంది.

రేకు చేతిలోనే ఉండిపోయింది. గుండ్రటి అక్షరాలు. తలకట్లు, కొమ్ములు, ఒత్తులు, అన్నీ పొందిగ్గా ఉన్నాయి. తెలుగు. ఈ ఊళ్లో మేం తప్ప మనవాళ్లు లేరని పదేళ్లుగా నా లెక్క.

*ఇక్కడికొచ్చాక నా పేరుకి తోక తెగింది.*
*తెగిన తోక ఈ గదిలో గెంతుతోంది.*
*బల్లి మాత్రం బయటికెళ్లి*
*పనిచేసుకొస్తోంది.*

నాకు కవిత్వం తెలియదు. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పలేక బెంచీ ఎక్కినవాణ్ణి. కవిత్వమంటే వెన్నెలా పువ్వులూ అనుకునేవాణ్ణి. కానీ పనిలో నన్ను అందరూ నా పేరులో మొదటి రెండక్షరాలతోనే పిలుస్తారు. మిగతా పేరు ఎటు పోయిందా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. వీపు మీద ఏదో పాకినట్టయింది.

మా ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో, నా భుజం పక్క నుంచి చదువుతోంది. పెదాలు కదిలాయి కానీ చప్పుడు లేదు. చదవడం అయ్యాక నా చేతిలోంచి రేకు తీసుకుని కిటికీ మీద పెట్టి, "వద్దు" అంది, ఇక్కడి భాషలో. ఆవిడకొచ్చిన నాలుగు మాటల్లో అదొకటి.

ఆ తర్వాత ఆ గోడ ఆవిడ సొంతమైంది. నేను పనికీ గువ్వ బడికీ వెళ్లాక, టీ కాచే కెటిల్‌ గోడ దగ్గర పెట్టి, ఆ ఆవిరితోనే రోజుకింత ఒలిచేది. నాకున్న యంత్రంతో ఒక్క పూట పని. ఆవిడ వారాలు చేసింది. సాయంత్రం ఇంటికొస్తే గోడ మీద మరో జానెడు తెరుచుకుని ఉండేది. నేను చూడనట్టే వెళ్లి చూసేవాణ్ణి.

*ఆయన బయట నవ్వే నవ్వు*
*ఇంటికి తేరు.*
*బూట్లతోపాటు గుమ్మం బయటే విడిచి వస్తారు.*

ఆ రోజు నా బూట్లు నేనే ఒకసారి తిరిగి చూసుకున్నాను. ఇంకో రోజు,

*మన మాట మరిచిపో, హాయిగా ఉంటావన్నారు.*
*మరిచిపోయాను.*
*ఇప్పుడు ఏడుపొస్తే*
*ఏ భాషలో రావాలో దానికే తెలియడం లేదు.*

అది చదివి, కింద ఇంటావిడ తలుపు కొట్టాను.

ఆవిడ వంటింట్లో కూర్చుని ఉన్ని అల్లుకుంటోంది. చూపుతో పని లేని పని. "వెనక గదిలో మాకంటే ముందు, చాలా ముందు, మా దేశంవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా?" అని అడిగాను.

"మీ దేశమో కాదో నాకేం తెలుసు? మీలాగే ఒక జంట ఉండేది, ముప్పై ఏళ్ల కిందటి మాట" అంది. "అతను బాగానే మాట్లాడేవాడు. చక్కగా, మాలాగే. ఆవిడ మూగది."

"మూగదా?"

"రెండేళ్లున్నారు. ఒక్కసారీ గొంతు వినలేదు నేను. మూగది కాకపోతే ఏమిటి?"

"వాళ్లెటు వెళ్లారు?"

సూదులు ఆగాయి. "అతను వేరే ఊరికి పోయాడు. ఆవిడ సంగతి చెప్పలేను నాయనా. ఆవిడ అంతకుముందే వెళ్లిపోయింది. ఎప్పుడు వెళ్లిందో తెలియదు. అప్పుడు నాకు చూపు బాగానే ఉండేది, అయినా కనిపెట్టలేదు. చప్పుడు లేని మనిషి కదా."

"మొగుడికి తెలియదా?"

"అతనికీ తెలియలేదు" అంది ఇంటావిడ. "నాలుగు రోజుల దాకా."

నేను పైకి వచ్చేశాను. వచ్చి కావాలనే గట్టిగా తలుపు వేశాను. వంటింట్లో మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఉంది. అంతవరకు మనసు కుదుటపడింది.

కానీ ఆ నాటి నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ ఉందో లేదో పోల్చుకోవడానికి చూసేవాణ్ణి. పోల్చుకోలేకపోయేవాణ్ణి. గాజుల చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు, తీసేసినట్టుంది. చెప్పులీడ్చే అలవాటు పోయింది. గిన్నె గిన్నెకి తగలకుండా పెట్టడం ఎప్పుడు నేర్చుకుందో.

ఒక పొద్దున మెట్లు దిగుతుంటే ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "మీ ఆవిడ ఎటైనా వెళ్లిందా? పది రోజులుగా అలికిడే లేదు" అంది.

మా ఆవిడ నా వెనకే ఉంది. ఉతికిన బట్టల బుట్టతో, నాకంటే ఒక మెట్టు పైన. మేమిద్దరం కలిసే దిగాం. నేను నవ్వాను, "ఇదిగో, ఇక్కడే ఉందండీ" అన్నాను. ఇంటావిడ చెవి అటు తిప్పింది. చాలాసేపు అలాగే ఉంది. "ఎక్కడ?" అంది.

మా ఆవిడకి మాటలు అర్థమయ్యాయో లేదో, బుట్ట ఎత్తుకుని ఇంటావిడ పక్కనుంచే పెరట్లోకి వెళ్లిపోయింది. ఇంటావిడ శాలువా కూడా కదల్లేదు.

మరోరోజు మంచు ఎక్కువగా పడి, పని మధ్యాహ్నానికే ఆపేశారు. ఇంటికొచ్చాను. ఎవరూ లేరు. టీ పెట్టుకున్నాను, కుర్చీ లాక్కుని కూర్చుని తాగాను, మేస్త్రికి ఫోన్ చేసి రేపటి పని సంగతి మాట్లాడాను, మేజోళ్లు విప్పి హీటర్ మీద ఆరేశాను. ఎంతలేదన్నా అరగంట. కప్పు కడుగుదామని లేచి ఇటు తిరిగితే, వెనక గది గుమ్మానికి ఆనుకుని మా ఆవిడ నిలబడి ఉంది. ఆ గుమ్మం నా కుర్చీకి ఎదురుగానే ఉంది.

కప్పు జారి పగిలింది. ఆవిడ వచ్చి పెంకులు ఏరింది. ఒక్క పెంకూ చప్పుడు చెయ్యలేదు.

ఇంక నావల్ల కాదనుకున్నాను. దీనికంతటికీ ఆ గోడే కారణమనిపించింది. దిష్టి అనను, దయ్యం అనను, అలాంటివి నమ్మే మనిషిని కాను. కానీ ఎవరిదో బతుకు మా ఇంట్లోకి చెమ్మలా దిగుతోంది. చెమ్మకి నా దగ్గర మందుంది. శనివారం పొద్దున లేత గోధుమరంగు కాగితం ఆరు చుట్టలు, బకెట్టెడు జిగురు తెచ్చుకున్నాను.

"ఇవాళ ఆ గోడ మూసేస్తాను" అని చెప్పాను, ఇక్కడి భాషలోనే. మా ఆవిడ వంటింట్లో ఉంది. విందో లేదో, తల తిప్పలేదు. బతిమాలుతుందనుకున్నాను, అడ్డుపడుతుందనుకున్నాను. అడ్డుపడితే బాగుండునని కూడా అనుకున్నాననుకుంటా.

బీరువా ఉన్న మూల మాత్రం ఆవిడ ఒలవకుండా మిగిలిపోయింది. బరువు, ఒక్కతే జరపలేదు. నేను జరిపాను. చూస్తే దాని వెనక కాగితం మూడు పొరలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, అంచులు కూడా లేవలేదు. అంటించాక దాన్ని ఎవరూ లేపి చూడలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, అది నా పని కాబట్టి. ఆవిరి పట్టించాను. గులాబీలు వచ్చాయి. చారలు వచ్చాయి. ఆకులు వచ్చాయి.

ఇక్కడ రాత మారిపోయింది. పొందిక లేదు. పెన్సిల్ గోడలోకి దిగేలా నొక్కి, పెద్దపెద్ద అక్షరాలతో రాసింది.

*ఉన్నావా అని అడిగేవాళ్లు లేరు.*
*ఉన్నాను ఉన్నాను గోడా,*
*ఉన్నాను.*

మొదటిసారి కళ్లతో చదివాను. రెండోసారి చదువుతుంటే ఆ తూగు చెవికి తగిలింది.

గుమ్మంలో గువ్వ తాడు పట్టుకుని నిలబడి ఉంది. "నాన్నా, ఆడుకోవచ్చా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే మొదలుపెట్టింది. "ఊనానూ ఊనానూ గోదా, ఊనానూ."

"అది బళ్లో పాట కాదా?" అన్నాను.

"కాదు."

"అమ్మ నేర్పిందా?"

"అమ్మ మాట్లాడదుగా" అంది అది, నాకేదో తెలియనట్టు.

"మరి ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అక్కడే ఉందిగా" అని గోడవైపు గడ్డం ఊపింది. నేనప్పుడే ఒలిచిన మూలవైపు కాదు. గోడ కింద, నీళ్లగొట్టం నేలలోకి దిగే చోటికి. దానికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

నేను రేకు కింద పెట్టాను. మా ఆవిణ్ణి పిలుద్దామని వంటింట్లోకి వెళ్లాను. లేదు. ముందు గదిలో లేదు. పడకగదిలో లేదు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, కోటు మేకుకే ఉంది. మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. పెరట్లో తెల్లటి మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. మళ్లీ వంటింట్లోకి వచ్చాను. పొయ్యి ఆర్పి ఉంది. ఇక్కడి భాషలో రెండుసార్లు పిలిచాను. ఇల్లు పలకలేదు. నాలుగు రోజులు అనే మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. ఆవిణ్ణి నేను ఆఖరిసారి నిజంగా చూసింది ఎప్పుడు? పొద్దునా? తల తిప్పని మనిషిని చూశానా, లేక వంటింటి వెలుతురు చూసి ఉందనుకున్నానా?

వెనక గది మధ్యలో నిలబడ్డాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది తెలుగు అని నాకు తెలియలేదు.

"ఏమోయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ."

బీరువా పక్క నుంచి. నేను జరిపిన బీరువాకీ గోడకీ మధ్య, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నేను చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఎప్పుడొచ్చావు?"

"మీరు గీకుతున్నప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. రెండుసార్లు నా మీదుగానే తడి తుడిచే గుడ్డ అందుకున్నారు."

నేను అక్కడే, ఒలిచిన కాగితాల తడి మీద, ఆవిడ పక్కన కూర్చున్నాను. "కాళ్లు తిమ్మిరెక్కలేదా?" అని అడిగాను.

"ఎక్కాయి" అంది. "చెబుదామంటే ఆ భాషలో తిమ్మిరిని ఏమంటారో తెలియలేదు."

నాకూ తెలియదు. పదేళ్లయింది, నిజంగానే తెలియదు. ఆ మాట చెబితే నవ్వింది. పొడుగ్గా, పక్కింటికి వినపడేలా. గువ్వ తాడు ఆపి, ఇదేం వింత అన్నట్టు చూసింది.

రూలు తీసేశానని నేనెప్పుడూ ప్రకటించలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ, బాకీపడ్డ మూడు నెలల కబుర్లూ ఒక్కసారే మొదలుపెట్టింది. మధ్యలో నేను "ఊ" కొట్టడం మరిచిపోతే గుర్తుచేసింది. గువ్వ మొదట్లో ఇక్కడి భాషలో జవాబులిచ్చేది, తర్వాత సగం సగం. బళ్లో అది నోరు విప్పింది కూడా ఆ వసంతంలోనే. ఎందుకో నేను చెప్పలేను. టీచరు మళ్లీ పిలిపించి, ఈసారి మరీ ఎక్కువ మాట్లాడుతోందని ఫిర్యాదు చేసింది.

మిగతా మూడు గోడలకీ గోధుమరంగు కాగితం అంటించాను. ఆ గోడ అలాగే వదిలేశాను. ఇల్లు ఆవిడది కాబట్టి చెప్పకుండా ఉండటం మర్యాద కాదని, మంచు కరిగాక ఒక మధ్యాహ్నం ఇంటావిణ్ణి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. సంగతంతా చెప్పాను. ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి, మూలన పెన్సిల్ లోతుగా దిగిన చోట వేళ్లతో తడిమింది.

"చదవమను మీ ఆవిణ్ణి. మీ మాటలోనే. నాకు అర్థం అక్కర్లేదు, వింటాను."

మా ఆవిడ ఆ చివర్నుంచి ఈ చివరికి చదివింది. తోక తెగిన పేరు, గుమ్మం బయట విడిచిన నవ్వు, అన్నీ. అంతకుముందు నేను ఆవిడ గొంతులో ఆ మాటలు వినలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో ఆవిడకి బాగా తెలిసినట్టుంది.

ఇంటావిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. కుర్చీ వేశాను. కూర్చుంది.

"ఇదా?" అంది. "నేను నీళ్లగొట్టం అనుకున్నాను. ఈ గోడలోంచి నా వంటింట్లోకి ఒక గొట్టం దిగుతుంది. ఆ రెండేళ్లూ పొద్దున పూట ఇదే చప్పుడు, ఇదే తూగు. బాగుచేసేవాణ్ణి రెండుసార్లు పిలిపించాను. ఏమీ లేదన్నాడు. పైకొచ్చి ఒక్కసారి తలుపు కొడితే పోయేది."

"ఏమంటోందండీ?" అని మా ఆవిడ నన్ను అడిగింది. చెప్పాను. ఆవిడ వెళ్లి ఇంటావిడ చెయ్యి పట్టుకుంది.

కాసేపయ్యాక మా ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. అప్పుడు ఇంటావిడ నావైపు వంగి మెల్లగా అంది. "మీ ఆవిడ కూడా ఈ చలికాలమంతా చదివేది కదూ, నువ్వు పనికెళ్లాక? నాకు వినపడేది. మళ్లీ గొట్టం పాడయిందనుకున్నాను."

"చదివే ఉంటుంది" అన్నాను.

"ఆ రెండో ఆవిడ ఎవరు మరి?"

"రెండో ఆవిడ ఎవరూ లేరండీ. పాప బడికి వెళ్తుంది."

"పాప గొంతు నాకు తెలుసు" అంది ఇంటావిడ. "ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, అది పెద్దావిడ గొంతు. ఒకరు చదివేవారు, ఇంకొకరు మధ్యలో ఆపి దిద్దేవారు. మాట అర్థం కాకపోయినా, దిద్దడం తెలుస్తుంది కదా నాయనా."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది, "ఏమంటోందండీ ఆవిడ?"

"టీలో చక్కెర తక్కువ వెయ్యమంటోంది" అన్నాను.